"ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందట": ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అంకెలు నిజంగా ఏం చెబుతాయి?

ఈఎస్‌ఆర్ 48, సీఆర్‌పీ 22. రిపోర్టు పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. ఆ రెండు రక్తపరీక్షల అంకెలూ లావు అక్షరాల్లో ఉంటాయి, పక్కన ‘హై’ అని ఉంటుంది. డాక్టర్ చూసేది రేపు ఉదయం. ఈలోపే ఇంట్లో ఒక మాట పుట్టేస్తుంది: "ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందట." ఆ మాట పట్టుకుని ఎవరో ఒకరు మెడికల్ షాపుకి వెళ్లి అజిత్రోమైసిన్ స్ట్రిప్ తెచ్చేస్తారు. కీళ్ల నొప్పులకో, నెలల తరబడి వదలని నీరసానికో చేయించిన పరీక్ష చివరికి యాంటీబయాటిక్ దగ్గర తేలుతుంది.

ఈ పొరపాటు చాలావరకు మాట దగ్గరే మొదలవుతోంది. ఇన్‌ఫెక్షన్ అంటే బయటి క్రిమి ఒంట్లో చేరడం. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఏదైనా దెబ్బకి, హానికి ఒళ్లు ఇచ్చే స్పందన. ఈ రెండో దానికి తెలుగులో నలుగురూ వాడే మాట లేదు. పుస్తకాల్లో ‘శోథ’ ఉంది కానీ ఆస్పత్రిలో అలా ఎవరూ అనరు. ‘వాపు’ అంటే పైకి కనిపించే వాపే గుర్తొస్తుంది, ‘మంట’ అంటే కారం తగిలిన మంటో, మూత్రంలో మంటో అనుకుంటారు. దాంతో తొందరలో ఉన్న డాక్టర్లు కూడా "బ్లడ్‌లో కొంచెం ఇన్‌ఫెక్షన్ ఉందమ్మా" అనేస్తారు. ఇంటికి వచ్చేసరికి అది రక్తంలో పురుగు పడ్డట్టు వినిపిస్తుంది.

కాల్లో ముల్లు దిగితే జరిగేది గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. ముల్లు దిగిన చోట ఎర్రబడుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, నొప్పి పెడుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టిన నాలుగు లక్షణాలు ఇవే. ముల్లుతో పాటు క్రిములు లోపలికి వెళ్తే అది ఇన్‌ఫెక్షన్ కూడా అవుతుంది. వెళ్లకపోయినా ఆ ఎరుపూ వాపూ వస్తాయి. కాలి బొటనవేలు కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకుని గౌట్ వచ్చినప్పుడు అక్కడ ఒక్క క్రిమీ ఉండదు. అయినా దుప్పటి తగిలితే చాలు, ప్రాణం పోయినంత నొప్పి. సీఆర్‌పీ కూడా బాగా పెరుగుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంలో, ఆపరేషన్ అయిన మర్నాడు, గుండెపోటు వచ్చిన రెండో రోజు, కొన్ని క్యాన్సర్లలో కూడా అంతే.

దెబ్బ ఒక చోట తగిలితే రక్తంలో అంకె ఎందుకు మారుతుంది? గాయం దగ్గరికి చేరిన రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలను రక్తంలోకి వదులుతాయి. అవి కాలేయానికి చేరగానే అది మామూలుగా తయారుచేసే ప్రోటీన్ల జాబితానే మార్చేస్తుంది. సీఆర్‌పీ ఉత్పత్తి ఒక్కసారిగా పెరుగుతుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ పెరుగుతుంది. ఇనుముకు తాళం వేసే హెప్సిడిన్ కూడా పెరుగుతుంది. ఆల్బుమిన్ మాత్రం తగ్గుతుంది. ల్యాబ్‌లో మనం కొలిచేది కాలేయంలో వచ్చిన ఈ మార్పునే. ఆ సంకేతం పంపింది పంటి చిగురా, ఊపిరితిత్తా, మోకాలా అన్నది కాలేయానికి తెలియదు. కాబట్టి ఆ అంకెకూ తెలియదు.

గంటలో ఎన్ని మిల్లీమీటర్లు

ఈఎస్‌ఆర్, అంటే ఎరిత్రోసైట్ సెడిమెంటేషన్ రేట్ (ఎర్ర కణాలు దిగే వేగం), పాత పరీక్ష. అంతే తేలికైనది కూడా. చిన్న ఊరి ల్యాబ్‌లోకి తొంగి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది: చెక్క స్టాండులో నిలువుగా నిలబెట్టిన సన్నటి గాజు గొట్టాలు, వాటి మీద పై నుంచి కిందికి సున్నా నుంచి 200 దాకా గీతలు. నల్ల మూత ఉన్న చిన్న సీసాలో నాలుగు వంతుల రక్తానికి ఒక వంతు సోడియం సిట్రేట్ కలిపి గడ్డకట్టకుండా చేస్తారు. దాన్ని గొట్టంలో సున్నా గీత వరకు ఎక్కించి, టైమర్ పెట్టి వదిలేస్తారు. సరిగ్గా గంట తర్వాత చూస్తే పైన గడ్డిరంగు ప్లాస్మా తేటగా తేలి ఉంటుంది, కింద ఎర్ర కణాలు దిగి ఉంటాయి. తేట ఎన్ని మిల్లీమీటర్లుంటే అదే ఈఎస్‌ఆర్. 48 అంటే గంటలో ఎర్ర కణాలు 48 మిల్లీమీటర్లు కిందికి జారాయని. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఎర్ర కణాలకు మామూలుగా రుణావేశం (నెగటివ్ చార్జ్) ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఫైబ్రినోజెన్, యాంటీబాడీలు పెరిగితే ఆ తోపుడు తగ్గుతుంది. కణాలు చిల్లర నాణేలు పేర్చినట్టు ఒకదానిపై ఒకటి అతుక్కుని దొంతరలవుతాయి. దొంతర బరువు కాబట్టి త్వరగా దిగుతుంది. ఒంట్లో జబ్బున్నప్పుడు రక్తం త్వరగా తేరుకుంటుందని 18వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ సర్జన్ జాన్ హంటర్ గమనించాడు. 1897లో వార్సాలో ఎడ్మండ్ బియెర్నాట్స్కీ దాన్ని పరీక్షగా మలిచాడు. స్వీడన్‌లో రాబిన్ ఫారియస్ 1918లో దీన్ని గర్భిణుల రక్తంలో చూసి గర్భ నిర్ధారణకు పనికొస్తుందేమో అనుకున్నాడు. 1921లో ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయ రోగుల మీద వాడి, గొట్టం కొలతలూ పద్ధతీ ఖాయం చేశాడు. ఇప్పటికీ రిపోర్టులో ఈఎస్‌ఆర్ పక్కన ‘వెస్టర్‌గ్రెన్’ అని ఉండేది ఆయన పేరే.

ఇంత తేలికైన పరీక్ష చెడిపోవడం కూడా తేలికే. గొట్టం మూడు డిగ్రీలు పక్కకి ఒరిగితే చాలు, కణాలు గోడ వెంట జారి అంకె 30 శాతం దాకా పెరగొచ్చు. అదే బల్ల మీద రక్తాన్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మెషీన్ నడుస్తుంటే ఆ అదురు తగులుతుంది. గది వేడి 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలన్నది నియమం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని ల్యాబ్ గదిని ఊహించుకుంటే, అక్కడ వచ్చిన ఈఎస్‌ఆర్‌ని జనవరిలో వచ్చిన దానితో పోల్చి బెంగపడటం ఎంతవరకు సబబో అర్థమవుతుంది. రక్తం తీసి గంటల తరబడి ఉంచేస్తే మాత్రం అంకె తగ్గుతుంది. ఊళ్లో కలెక్షన్ సెంటర్ ఉండి మెషీన్ సిటీలో ఉన్నప్పుడు ఈ చిక్కు వస్తుంది. పెద్ద ల్యాబుల్లో మెషీన్లు అరగంటలోపే లెక్కకట్టి ఇస్తాయి కానీ, అవి కొలిచేదీ ఈ దిగుడునో, దానికి ముందు కణాలు దొంతర కట్టడాన్నో.

వయసు సంగతి రిపోర్టు సరిగ్గా చెప్పదు. మగవారికి 0–15, ఆడవారికి 0–20 అని అచ్చు వేసి అందరికీ అదే పెడతారు. డాక్టర్లు మనసులో వేసుకునే లెక్క వేరు: మగవారికి వయసులో సగం, ఆడవారికి వయసుకు పది కలిపి అందులో సగం. అంటే 60 ఏళ్ల ఆవిడకి 35 వరకు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆవిడ రిపోర్టులో 32 లావు అక్షరాల్లోనే వస్తుంది, ఆ రాత్రి ఇంట్లో టెన్షన్ తప్పదు.

రక్తహీనత వేసే ముడి

తెలుగు ఇళ్లలో ఈఎస్‌ఆర్‌ని అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది మాత్రం గొట్టమూ కాదు, ఎండా కాదు. రక్తం తక్కువగా ఉండటం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైనే. జాతరలో జనం కిక్కిరిసి ఉంటే ముందుకు కదలడం కష్టం, పలచబడితే చకచకా నడిచిపోవచ్చు. గొట్టంలో ఎర్ర కణాలదీ అదే పరిస్థితి. కణాలు తక్కువగా ఉంటే అడ్డు తగ్గి త్వరగా దిగుతాయి. హిమోగ్లోబిన్ 8 ఉన్న ఆవిడకి ఈఎస్‌ఆర్ 45 వచ్చిందంటే దానికి ఆ రక్తహీనత ఒక్కటే కారణం కావచ్చు. అలాంటి ఆవిడకి "ఇన్‌ఫెక్షన్" అని యాంటీబయాటిక్ ఇచ్చి, హిమోగ్లోబిన్ సంగతి వదిలేస్తే రెండు విధాలా నష్టం. అసలు జబ్బు అలాగే ఉంటుంది, అక్కర్లేని మందు ఒంట్లోకి వెళ్తుంది. ఈఎస్‌ఆర్ ఎక్కువ వచ్చిన ప్రతి ఆడమనిషి రిపోర్టులోనూ మొదట చూడాల్సింది హిమోగ్లోబిన్ గడి. అది అదే పేజీలోనో, ముందు పేజీలోనో సీబీపీ (రక్తకణాల లెక్క) కింద ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా ఈఎస్‌ఆర్ చదివితే ఆ చదువు తప్పు.

ముడిలో రెండో చిక్కు ఇంకా లోతుగా ఉంది. రక్తం తక్కువగా ఉందని తెలిస్తే ఇనుము నిల్వలు చూడటానికి ఫెరిటిన్ పరీక్ష రాస్తారు. ఫెరిటిన్ తక్కువైతే ఇనుము తక్కువ. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది. ఒళ్లు క్రిములకు ఇనుము దొరక్కుండా దాచేస్తుంది. హెప్సిడిన్ పెరిగి పేగులోంచి ఇనుము రానివ్వదు, నిల్వల్లోంచి బయటకు పోనివ్వదు. అప్పుడు ఇనుము నిల్వలు నిజంగా ఖాళీగా ఉన్నా ఫెరిటిన్ అంకె నిండుగా కనిపిస్తుంది.

కళ్ల ముందు ఒక రిపోర్టు పెట్టుకుందాం. ఏడాదిగా కీళ్లవాతంతో బాధపడుతున్న నలభై ఏళ్ల ఆవిడ. హిమోగ్లోబిన్ 8.5, సీఆర్‌పీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, ఫెరిటిన్ 45. ల్యాబ్ ఇచ్చిన పరిధి 10 నుంచి 150 కాబట్టి ఫెరిటిన్ పక్కన ‘నార్మల్’ అని ఉంటుంది. "ఐరన్ బాగానే ఉంది, మాత్రలు అక్కర్లేదు" అనుకుంటారు. కానీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు మరోలా చదవమంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే ఇనుము లోపం. ఇన్‌ఫెక్షన్ గానీ ఇన్‌ఫ్లమేషన్ గానీ ఉన్నవారిలో 70 కంటే తక్కువైతే చాలు, లోపం కింద లెక్కేయాలి. ఆ లెక్కన ఈవిడకి 45 అంటే ఇనుము లోపమే. సీఆర్‌పీ పక్కన పెట్టి చూడకపోతే ఈ సంగతి బయటపడదు. అనుమానం మిగిలితే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండి ఉందో, చూస్తారు.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. ఇనుము నిల్వలు నిజంగానే ఉండి, ఇన్‌ఫ్లమేషన్ వాటికి తాళం వేసినందువల్ల హిమోగ్లోబిన్ పడిపోయేవారుంటారు. వారికి ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగించినా ఫలితం అంతంత మాత్రమే. కడుపులో వికారం మాత్రం మిగులుతుంది. కీళ్లవాతమో, టీబీనో, ఏదుంటే అది తగ్గితేనే రక్తం పడుతుంది. "ఎన్ని మాత్రలు మింగినా రక్తం పట్టట్లేదండీ" అనే ఆవిడకి ఒక్క సీఆర్‌పీ చేయించి చూడటం న్యాయం.

పాడేరు, ఆదిలాబాద్ లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో రక్తహీనత ఉంటే ఈఎస్‌ఆర్ పెరుగుతుందన్న లెక్క ఎదురు తిరుగుతుంది. అక్కడి ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. కొడవలిలా వంగిన కణాలు నాణేల్లా దొంతర కట్టలేవు. కాబట్టి లోపల తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఈఎస్‌ఆర్ తక్కువగానే ఉండొచ్చు. అక్కడ తక్కువ ఈఎస్‌ఆర్ చూసి నిశ్చింతగా ఉండటం ప్రమాదం.

సీఆర్‌పీ: గంటల లెక్కలో నడిచే అంకె

ఈఎస్‌ఆర్ పక్కదారిన కొలుస్తుంది. సీఆర్‌పీ అసలు పదార్థాన్నే కొలుస్తుంది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తం మీద పని చేస్తున్నారు. న్యుమోనియా బ్యాక్టీరియా గోడలోంచి తీసిన ‘సి’ అనే పదార్థాన్ని రోగి సీరంలో కలిపితే తెల్లటి మడ్డి ఏర్పడింది. జబ్బు తగ్గాక అదే రోగి సీరంలో మడ్డి కట్టలేదు. ‘సి’తో చర్య జరిపే ప్రోటీన్ కాబట్టి సి-రియాక్టివ్ ప్రోటీన్. పేరులో ‘సి’కి విటమిన్ సితో సంబంధం లేదు. వాళ్లు పనిచేసింది ఆస్వాల్డ్ ఏవరీ ల్యాబ్‌లో. వంశపారంపర్య లక్షణాలను మోసేది డీఎన్‌ఏ అని 1944లో చూపించిన ఏవరీ ఆయనే.

ఈ ప్రోటీన్ బ్యాక్టీరియా గోడలకూ, చచ్చిన కణాలకూ అతుక్కుని, వాటిని ఎత్తిపారేయమని గుర్తు పెడుతుంది. ల్యాబ్‌కి దీని విలువ మాత్రం దీని వేగంలో ఉంది. దెబ్బ తగిలిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజులకు పైకి చేరుతుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లో మామూలు కంటే వెయ్యి రెట్లు కూడా పెరగగలదు. కారణం పోయాక దాదాపు 19 గంటలకోసారి సగమవుతుంది. ఫైబ్రినోజెన్ అలా కాదు, రోజుల తరబడి రక్తంలో ఉంటుంది. అందుకే జ్వరం తగ్గి మనిషి లేచి తిరుగుతున్నా ఈఎస్‌ఆర్ వారాలపాటు ఎక్కువే చూపిస్తుంది. "మందులు వాడాక కూడా ఈఎస్‌ఆర్ తగ్గలేదు" అని మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకునేవారికి ఈ ఒక్క విషయం తెలిస్తే చాలా బెంగ తగ్గుతుంది.

ఆపరేషన్ వార్డులో ఈ వేగం బాగా పనికొస్తుంది. ఏ ఆపరేషన్ తర్వాతైనా సీఆర్‌పీ పెరుగుతుంది, రెండు మూడు రోజులకు గరిష్ఠానికి వెళ్లి దిగడం మొదలవుతుంది. మూడో రోజు 120 ఉందని కంగారు పడాల్సిన పని లేదు. ఐదో రోజుకి 60కి దిగాల్సింది 180 అయితే మాత్రం కుట్ల కిందో, కడుపులోనో చీము పడుతోందేమో అని సర్జన్ వెతుకుతాడు. ఒంటరిగా ఉన్న అంకె కన్నా, రెండు అంకెల మధ్య దారి ఎక్కువ చెబుతుంది.

ఆ దారిని ఇళ్లలో తలకిందులుగా చదివేలా చేసేది కొలమానం. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని ‘ఎంజీ పర్ డీఎల్’లో ఇస్తాయి, కొన్ని ‘ఎంజీ పర్ లీటర్’లో ఇస్తాయి. డెసీలీటర్ అంటే లీటరులో పదో వంతు. సోమవారం ఒక ల్యాబ్‌లో 4.2 వచ్చిందనుకుందాం, ఎంజీ పర్ డీఎల్. గురువారం వేరే ల్యాబ్‌లో 18 వచ్చింది, ఎంజీ పర్ లీటర్. ఇంట్లోవాళ్లకి కనిపించేది నాలుగు నుంచి పద్దెనిమిదికి ఎగబాకడం. నిజానికి 4.2 అంటే లీటరు లెక్కలో 42. అది 18కి దిగింది, అంటే సగం కంటే తక్కువైంది. రోగి కోలుకుంటున్నాడు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న కొలమానాన్ని చూడకపోతే మంచి వార్త చెడ్డ వార్తగా మారిపోతుంది. వరసగా పరీక్షలు చేయించాల్సి వస్తే అన్నీ ఒకే ల్యాబ్‌లో చేయించడం అందుకే మేలు. వీటికి పరగడుపున ఉండాల్సిన పని లేదు.

ఎంత ఉంటే ఏమిటి? లీటరుకు 5, 6 మిల్లీగ్రాముల లోపు మామూలు. కొన్ని ల్యాబులు 10 దాకా మామూలు అంటాయి. పొట్ట పెరిగినవారిలో, సిగరెట్ తాగేవారిలో, చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో కొంచెం ఎక్కువగానే ఉంటుంది. చాలా వైరల్ జ్వరాల్లో కొద్దిగా పెరుగుతుంది. వంద దాటితే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఇవి గోడలు కావు. వైరల్ జ్వరంలో 60 రావచ్చు, ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ మొదటి ఆరు గంటల్లో 4 కూడా రావచ్చు, అప్పటికి కాలేయం ఇంకా మొదలుపెట్టి ఉండదు. ఉదయం జ్వరం వస్తే మధ్యాహ్నానికి రక్తం ఇచ్చి, నార్మల్ వచ్చిందని ధైర్యంగా ఉండటం సరికాదు. ఐసీయూల్లో ప్రోకాల్సిటోనిన్ అని ఇంకో పరీక్ష చేస్తారు. బ్యాక్టీరియా వైపు అది ఇంకాస్త నిక్కచ్చిగా వేలు చూపుతుంది, యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో నిర్ణయించడానికి సాయపడుతుంది. ఖరీదు కూడా ఎక్కువ. బయట తిరుగుతున్న మనిషికి అది అవసరం పడేది అరుదు.

సూది మందు దాచే నిజం

పల్లెల్లో కీళ్ల నొప్పులకి మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే. చాలాసార్లు అక్కడ పడే సూది స్టెరాయిడ్. నొప్పి ఆ సాయంత్రానికే తగ్గుతుంది. సీఆర్‌పీ కూడా తగ్గిపోతుంది. వారం తర్వాత టౌన్‌కి వెళ్లి రక్తం ఇస్తే అంతా బాగున్నట్టు వస్తుంది, కీలు మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ వల్ల తెల్ల రక్త కణాల లెక్క పెరుగుతుంది కాబట్టి, సీఆర్‌పీ తక్కువ, తెల్ల కణాలు ఎక్కువ అన్న వింత రిపోర్టు చేతికొస్తుంది. పరీక్ష రాసే డాక్టర్‌కి ఏ సూది, ఏ మాత్ర, ఎప్పుడు పడిందో చెప్పాలి. పేరు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్పో సీసానో పట్టుకెళ్లాలి. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లామని చెబితే పెద్ద డాక్టర్ తిడతాడేమో అని చాలామంది దాస్తారు. ఆ భయం వల్లే జబ్బు ఏడాది ఆలస్యంగా బయటపడిన ఇళ్లున్నాయి.

స్టెరాయిడ్ లేకపోయినా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదట్లో ఈ రెండు అంకెలూ మామూలుగా ఉన్నవారు తక్కువేమీ కాదు. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి, చెంబు పట్టుకోలేక, జాకెట్టు హుక్కు పెట్టుకోలేక అవస్థ పడే ఆవిడకి ఈఎస్‌ఆర్ 14 వచ్చినంత మాత్రాన "ఏమీ లేదు, వయసు" అని పంపేయకూడదు. ఆ వేళ్లు చెప్పేది గొట్టం చెప్పేదాని కంటే నమ్మదగినది.

రెండు అంకెలూ వేరువేరు దారుల్లో వెళ్తే అది కూడా ఒక సమాచారమే. ఈఎస్‌ఆర్ వంద దాటి, సీఆర్‌పీ మామూలుగా ఉండి, నడివయసు దాటిన మనిషికి వెన్నునొప్పి, రక్తహీనత, కిడ్నీ తేడా కూడా ఉంటే మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కోసం చూస్తారు. అందులో ఒకే రకం యాంటీబాడీ రక్తంలో నిండిపోయి కణాలను దొంతర కట్టిస్తుంది. రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్‌లోనూ ఈఎస్‌ఆర్ పెరిగి సీఆర్‌పీ పెద్దగా కదలకపోవడం మామూలు. లూపస్ ఉన్నావిడకి ఉన్నట్టుండి సీఆర్‌పీ ఎగిస్తే జబ్బు ముదిరిందనే కాకుండా ఇన్‌ఫెక్షన్ సోకిందేమో అని కూడా చూడాలి.

టీబీ సంగతి చెప్పకుండా ఈఎస్‌ఆర్ కథ పూర్తికాదు. తరాలుగా మన దగ్గర "ఈఎస్‌ఆర్ ఎక్కువైతే టీబీ" అన్న నమ్మకం పాతుకుపోయింది. వెస్టర్‌గ్రెన్ కాలం నుంచి వచ్చిన వారసత్వం అది. ఈఎస్‌ఆర్ మామూలుగా ఉన్న టీబీ రోగులుంటారు, ఎక్కువున్నా టీబీ లేనివారు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. రెండు వారాలు మించి దగ్గు ఉంటే చేయించాల్సింది కఫం పరీక్ష, ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం. హెచ్ఐవీ ఉన్నవారిలో మాత్రం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటిన సీఆర్‌పీని, టీబీ కోసం ముందుగా వడపోయడానికి వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అక్కడ కూడా అది వడపోతే. నిర్ధారణ కఫం లాంటి పరీక్షలతోనే.

ప్యాకేజీల్లో వచ్చే అంకెలు

సీఆర్‌పీ పేరు తెలుగు ఇళ్లకు బాగా తెలిసింది 2021 ఏప్రిల్, మే నెలల్లో. కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ 98 ఉండి ఇంట్లో పడుకున్నవారు కూడా రోజు విడిచి రోజు సీఆర్‌పీ, డి-డైమర్ (రక్తం గడ్డల జాడ చూసే పరీక్ష), ఫెరిటిన్ చేయించుకున్నారు. అంకె పెరిగిందని భయపడి ముందుగానే స్టెరాయిడ్ మింగినవారున్నారు. తేలికపాటి కోవిడ్‌కి ఈ పరీక్షలు అక్కర్లేదని, అవి భయాన్నే పెంచుతాయని ఎయిమ్స్ అప్పటి డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ మేలోనే చెప్పారు. అదే సీఆర్‌పీ ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నవారికి నిజంగా ఉపయోగపడింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, ఆక్సిజన్ తక్కువై సీఆర్‌పీ 75, ఆపైన ఉన్నవారికే ఇంటర్‌ల్యూకిన్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ మందు ఇచ్చి చూశారు, కొంతమంది ప్రాణాలు నిలిచాయి. పరీక్ష ఒకటే. ఎవరికి, ఏ నిర్ణయం కోసం అన్నదే తేడా.

ఇప్పుడు ఫుల్‌బాడీ ప్యాకేజీల్లో ‘హెచ్ఎస్-సీఆర్‌పీ’ వస్తోంది. అదే ప్రోటీన్‌ని చాలా తక్కువ మోతాదులో కూడా పట్టే పరీక్ష ఇది, గుండె జబ్బు ముప్పు అంచనాకి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే అది గుండె లెక్క కాదు, జలుబో పంటి పోటో ఏదో ఉంది, తగ్గాక మళ్లీ చేయించాలి. 2008లో వెలువడిన జూపిటర్ ట్రయల్‌లో చెడు కొలెస్ట్రాల్ పెద్దగా లేకపోయినా ఈ అంకె 2, ఆపైన ఉన్న 17,802 మందిని తీసుకుని, వారిలో సగంమందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రోసువాస్టాటిన్ ఇచ్చి చూస్తే గుండెపోట్లు తగ్గాయి. అయితే సీఆర్‌పీ గుండెను చెడగొడుతుందని కాదు. జన్యువుల వల్ల పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉండేవారికి గుండె జబ్బులు ఎక్కువగా రావట్లేదని తర్వాత తేలింది. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇది తరచూ ఎదురయ్యే ప్రశ్న. అక్కడి 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలు, 2 లేదా ఆపైన హెచ్ఎస్-సీఆర్‌పీ, రెండూ ముప్పు పెంచే అంశాల జాబితాలో ఉన్నాయి. స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని డాక్టర్ ఊగిసలాడుతున్నప్పుడు ఆ అంకె ఒకవైపు మొగ్గు చూపిస్తుంది. బీపీ, షుగర్, పొగాకు, నడుము కొలత తెలియకుండా అదొక్కటే పట్టుకుంటే ఏ ఉపయోగమూ లేదు.

‘ఆర్థరైటిస్ ప్రొఫైల్’ అని అమ్మే కట్టలో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీతో పాటు ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎస్‌ఓ, యూరిక్ యాసిడ్ ఉంటాయి. చివరి మూడూ ఇన్‌ఫ్లమేషన్ని కొలవవు. ఏ జబ్బూ లేనివారిలో కూడా, ముఖ్యంగా వయసు మీద పడ్డాక, ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ రావడం ఉంది. కీలు వాపు లేని మనిషికి ఈ కట్ట చేయిస్తే లేని కీళ్లవాతం కాగితం మీద పుట్టే ప్రమాదం ఎక్కువ.

ఇవన్నీ ఒక ఎత్తు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అప్పటికప్పుడు చేయించాల్సిన సందర్భం ఒకటుంది. యాభై దాటిన మనిషికి కొత్తగా తలనొప్పి మొదలవుతుంది, కణత దగ్గర. దువ్వెన తగిలితే నెత్తి నొప్పి. అన్నం నమిలేటప్పుడు దవడ లాగేస్తుంది, ఆపితే తగ్గుతుంది. కంటి ముందు ఒక క్షణం తెర పడినట్టై మళ్లీ తేటపడుతుంది. కణత దగ్గరి రక్తనాళానికి వచ్చే ఇన్‌ఫ్లమేషన్ ఇది, టెంపోరల్ ఆర్టిరైటిస్ అంటారు. కంటికి వెళ్లే రక్తం ఆగిపోతే చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. ఇందులో ఈఎస్‌ఆర్ తరచూ 50 దాటి, కొన్నిసార్లు 100 కూడా దాటి ఉంటుంది, సీఆర్‌పీ కూడా పెరుగుతుంది. పార్శ్వనొప్పి అనో, కళ్లజోడు నంబర్ మారిందనో వారం గడపకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. లక్షణాలు గట్టిగా ఉంటే అక్కడి డాక్టర్ రక్తం తీసుకుని, రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతాడు.